క్లాసిక్ 350కి 74 ఎంఎం పిస్టన్ వేస్తే హెడ్ కూడా చెక్కించాలా?

మాచర్ల నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "నాది 2013 మోడల్ క్లాసిక్ 350, యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే రకం), కార్బొరేటర్ బండి. బోరు అరిగిపోయింది. ఎలాగూ విప్పుతున్నాం కదా అని 74 ఎంఎం కిట్, అంటే బ్లాకు పిస్టన్ కలిపి తెప్పించా. లేత్ ఆయన హెడ్ కూడా ఒక ఎంఎం కోయిస్తే పికప్ అదిరిపోతుందంటున్నాడు. కంప్రెషన్ ఎంత పెరుగుతుంది? రోజూ వాడే బండి, ఏమైనా ఇబ్బందా?"

సూటిగా జవాబు ముందు చెప్పేస్తా. హెడ్ (సిలిండర్ మీద ఉండే మూత) చెక్కించకండి. 74 పిస్టన్ వేసిన క్షణమే మీ కంప్రెషన్ 8.5 నుంచి దాదాపు 9.4కి పెరిగిపోతుంది. మీరిప్పుడు చూడాల్సింది ఎలా పెంచాలా అని కాదు, 9 దగ్గరికి ఎలా దించాలా అని. లేత్ ఆయన చెప్పినట్టు ఒక ఎంఎం కోయిస్తే 10 దాటుతుంది. గాలితో చల్లబడే, రెండు వాల్వుల, నిదానంగా తిరిగే ఇంజిన్‌కి, పల్నాడు ఎండల్లో, అది నప్పదు.

లెక్క చూపిస్తాను, మీరే వేసి చూసుకోవచ్చు. ఫోన్లో కాల్‌క్యులేటర్ చాలు.

మీ ఇంజిన్ బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 ఎంఎం, స్ట్రోకు (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) 90 ఎంఎం. సెంటీమీటర్లలో 7 × 7 × 0.7854 × 9 వేస్తే 346 సీసీ. పిస్టన్ కింద నుంచి పైకి వచ్చేటప్పుడు ఊడ్చుకొచ్చే చోటు అది. పిస్టన్ పైకి వచ్చేశాక పైన మిగిలే చిన్న ఖాళీని క్లియరెన్స్ వాల్యూమ్ అంటారు. మొత్తం చోటు ఆ చిన్న ఖాళీకి ఎన్ని రెట్లో అదే కంప్రెషన్ రేషియో. కంపెనీ చెప్పిన 8.5:1 ప్రకారం ఆ ఖాళీ 346 ÷ 7.5, అంటే సుమారు 46.2 సీసీ.

ఇప్పుడు పిస్టన్ 74 అయింది. ఊడ్చే చోటు 387 సీసీ. పైన ఖాళీ మాత్రం అదే 46.2. ఎక్కువ గాలి అదే గదిలోకి కుక్కుతున్నారన్నమాట. 387 + 46.2 ని 46.2 తో భాగిస్తే 9.38 వస్తుంది. హెడ్ ముట్టుకోలేదు, అయినా పెరిగింది. బోరు పెంచేవాళ్లలో పదింట తొమ్మిది మంది మర్చిపోయేది ఇదే.

హెడ్ ఒక ఎంఎం కోస్తే? ఛాంబర్ మూతి దగ్గర వెడల్పు సుమారు 70 ఎంఎం అనుకుంటే, ఒక ఎంఎంకి 3.85 సీసీ పోతుంది. మిగిలేది 42.3. రేషియో 10.14. (ప్యాకింగ్, అంటే హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్, వెడల్పు మారడం వల్ల వచ్చే అర సీసీ లాంటివి వదిలేస్తున్నా. వాటి సంగతి కొలిచేటప్పుడు చూద్దాం.)

సరే, పెరిగితే లాభమే కదా అంటారు. ఎంత లాభం? పుస్తకంలో పెట్రోలు ఇంజిన్లకి ఉండే ఒట్టో సైకిల్ సూత్రంతో వేస్తే 9.38 నుంచి 10.14కి వెళ్లినందుకు వచ్చేది 2 శాతం. అది కాగితం మీద, నిజం ఇంజిన్లో ఇంకా తక్కువే. 346 నుంచి 387 సీసీకి వెళ్లినందుకు వచ్చేది దాదాపు 12 శాతం. మీ బండి స్టాక్ టార్క్ 28 ఎన్ఎం. మిగతావన్నీ కుదిరితే అది 31 దరిదాపుల్లోకి వస్తుంది. ఆ మూడూ బోరు పెట్టే భిక్షే. హెడ్ కోత తెచ్చేది ముష్టి అర. ఆ అర కోసం పిస్టన్ని పణంగా పెడతారా అన్నదే నేను ఎవరికైనా వేసే ప్రశ్న.

మరి హెడ్ కోయిస్తే పికప్ వస్తుందని అందరూ ఎందుకంటారు? అబద్ధమేం కాదు. కోయించిన మొదటి వారం థ్రాటిల్ తిప్పగానే బండి "టక్కున" అందుకుంటుంది. సైలెన్సర్ శబ్దం కూడా గట్టిపడుతుంది. కాస్త లోడు లేనప్పుడు, చలికాలంలో, ఒంటరిగా తిరుగుతున్నప్పుడు అన్నీ బాగుంటాయి. అసలు రంగు మే నెలలో బయటపడుతుంది.

ఒక సంగతి చెప్తా. నాలుగైదేళ్ల కిందట ఓ కుర్రాడు ఇలాంటి క్లాసిక్ తీసుకొచ్చాడు. తీసుకొచ్చాడంటే ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. జనవరిలో వేరేచోట కిట్ వేయించాడు, హెడ్ కూడా కోయించాడు. నాలుగు నెలలు బ్రహ్మాండంగా నడిచింది, అందరికీ తిప్పి చూపించుకున్నాడు. మే నెలలో భార్యని ఎక్కించుకుని దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాడు. "అన్నా, సైలెన్సర్లో గులకరాళ్లు పడ్డట్టు చప్పుడొచ్చింది, అది సైలెన్సర్ గార్డు లూజేమో అనుకున్నా" అన్నాడు. పైకి వెళ్లేసరికి పొగ, ఆ తర్వాత కిక్కు కొడితే కాలికి బరువే లేదు.

విప్పి చూస్తే పిస్టన్ అంచు ఒక పక్కన చెదలు తిన్న దూలంలా ఉంది. అల్యూమినియం చిన్న చిన్న గుంతలుగా లేచిపోయింది. పై రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గోడ ముక్కలైంది. ప్లగ్ తెల్ల పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్యలో మెరిసే వెండి చుక్కలు. ఆ వెండి చుక్కలు పిస్టన్‌వే. మిగిలిన భాగాలు కొలిచాను. పై ఖాళీ 39 సీసీ చిల్లర వచ్చింది. లెక్కేస్తే 10.8! అతనికి చెప్పినవాడు 10 అని చెప్పాడట. తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ కిట్ పిస్టన్ తల స్టాక్ పిస్టన్ కన్నా 0.7 ఎంఎం ఎత్తు. గడ్జన్ పిన్ (పిస్టన్ని రాడ్‌కి కలిపే పిన్ను) నుంచి పైభాగం వరకు ఎత్తు ఎవరూ కొలవలేదు. 74 బోరులో 0.7 ఎంఎం అంటే 3 సీసీ మింగేసినట్టు. హెడ్ కోసిన 3.85 దీనికి తోడు.

అందుకే మీ దగ్గరున్న కిట్ పెట్టె మీద ఏ రేషియో రాసి ఉన్నా నమ్మకండి. కొలవండి.

ఆ కుర్రాడు విన్న గులకరాళ్ల చప్పుడు పేరే నాకింగ్. అదెందుకొస్తుందంటే. ప్లగ్ నిప్పు వేశాక మంట అక్కడి నుంచి గోడ వైపు పాకుతూ వెళ్తుంది. అది చేరేలోపు చివర్లో మిగిలిన మిశ్రమం మీద ఒత్తిడి, వేడి పెరుగుతూ ఉంటాయి. ఓ హద్దు దాటితే మంట రాకుండానే అదంతటదే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బే మీరు వినే టకటక. కంప్రెషన్ పెంచితే ఆ చివరి మిశ్రమం ముందే వేడెక్కి ఉంటుంది. బోరు పెంచితే మంటకి దారి ఎక్కువ. బుల్లెట్ లాంటి ఇంజిన్ 2500 ఆర్‌పీఎం దగ్గర లోడు లాగుతుంది కాబట్టి ఆ మిశ్రమం ఉడకడానికి తీరిక కూడా ఎక్కువ. మూడు కారణాలూ మీ బండిలో ఒకేచోట కూడాయి. మీ 350 హెడ్‌కి రెండు ప్లగ్గులు ఉండటం ఒక్కటే మీ పక్షాన ఉన్నది. మంటలు రెండు వైపుల నుంచి వస్తాయి కాబట్టి దారి తగ్గుతుంది. అందుకని రెండో ప్లగ్ పని చేస్తోందో లేదో తప్పకుండా చూడండి. ఒకటి చచ్చిపోయినా బండి నడిచేస్తుంది, చాలామందికి తెలియదు కూడా.

"హిమాలయన్ 450కి 11.5:1 ఉంది కదా, మనకి 10 ఎక్కువా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, తెలుసు. ఆ ఇంజిన్ నీళ్లతో చల్లబడుతుంది, నాలుగు వాల్వులు, స్ట్రోకు 81.5 ఎంఎం, ఫ్యూయెల్ ఇంజెక్షన్. అదే కంపెనీ 2021 తర్వాతి క్లాసిక్ 350ని, అంటే జే సిరీస్ ఇంజిన్ని, కొత్త హెడ్ గీసి, ఓవర్‌హెడ్ క్యామ్ పెట్టి, ఇంజెక్షన్ పెట్టి 9.5 దగ్గర ఆపింది. యూసీఈ 500కి, 535కి కూడా 8.5 దగ్గరే ఉంచింది. బోరు 84కీ, 87కీ వెళ్లినా రేషియో పెంచలేదు చూడండి. అంత ఆర్ అండ్ డీ పెట్టుకున్నవాళ్లు ఊరికే ఆగలేదు కదా.

ఇక కొలిచే పద్ధతి. నేను చేసేది చెప్తాను, పెద్ద సామాన్లేం అక్కర్లేదు.

హెడ్‌ని వాల్వులతో, రెండు ప్లగ్గులతో సహా తలకిందులుగా బల్ల మీద పెట్టండి. ప్లగ్గులు బిగించే ఉండాలి, లేదంటే ఆ రంధ్రాల్లోకి పోయేది కూడా లెక్కలోకి వస్తుంది. పాత ఫోటో ఫ్రేములోని అక్రిలిక్ ముక్క ఒకటి తీసుకుని, ఒక అంచు వైపు చిన్న రంధ్రం వేయండి. ఛాంబర్ మూతి చుట్టూ పలచగా గ్రీజు రాసి ముక్కని అదిమి పెట్టండి. మందుల షాపులో 50 ఎంఎల్ సిరంజి దొరుకుతుంది. గేర్ ఆయిల్ లాంటి చిక్కటిది వద్దు, పలచటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే) ఆయిల్ అయితే ఎర్రగా కనిపిస్తుంది, బుడగలు తెలుస్తాయి. రంధ్రం ఉన్న వైపు పైకి వచ్చేలా హెడ్‌ని కాస్త వాల్చి, మెల్లగా నింపుతూ రండి. చివర్లో ఒక బుడగ మొండికేసి మూలన కూర్చుంటుంది. దాన్ని రంధ్రం దగ్గరికి వాల్చి బయటికి పంపేదాకా లెక్క రాయకండి. నేను మూడుసార్లు నింపుతా. మూడు లెక్కల మధ్య 0.3 సీసీ కన్నా ఎక్కువ తేడా వస్తే ఎక్కడో వాల్వు కారుతోందనే అర్థం. అప్పుడు కంప్రెషన్ సంగతి పక్కనపెట్టి ముందు వాల్వ్ గ్రైండింగ్ చేయించాలి.

తర్వాత పిస్టన్ తల. క్రాంక్ తిప్పి పిస్టన్ని బ్లాక్ పైఅంచు నుంచి సరిగ్గా 10 ఎంఎం కిందికి దించండి, వెర్నియర్‌తో చూసి. రింగుల చుట్టూ కొంచెం గ్రీజు పూసి, పైన అదే అక్రిలిక్ పెట్టి ఆయిల్ నింపండి. పిస్టన్ తల చదునుగా ఉంటే 43 సీసీ పట్టాలి. 40 పట్టిందనుకోండి, తల మీది బొడిపె 3 సీసీ ఆక్రమించింది. 45 పట్టిందంటే గుంత ఉంది, మంచిదే.

పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు బ్లాక్ అంచుకి ఎంత కింద ఆగుతోంది, లేదా ఎంత పైకి లేస్తోంది, అదీ రాసుకోండి. ప్యాకింగ్ మందం కొత్తది కాదు, బిగించి తీసిన పాతది కొలవాలి. ఇవన్నీ కలిపితే మీ అసలు ఖాళీ. హెడ్ ఖాళీ, ప్యాకింగ్ ఖాళీ, బ్లాకులో మిగిలిన ఖాళీ కలిపి, అందులోంచి పిస్టన్ బొడిపె తీసేయాలి. ఇక్కడో మాట. కంపెనీ 8.5 అన్నా నేను కొలిచిన రెండు స్టాక్ ఇంజిన్లలో పై ఖాళీ 47, 48 సీసీ వచ్చింది, అంటే 8.4, 8.2 దగ్గర. పోత పోసిన హెడ్లలో ఆమాత్రం తేడా మామూలే. మీది కూడా అటే ఉంటే అదృష్టం.

కంప్రెషన్ గేజీ పెట్టి చూస్తే సరిపోదా అంటే, సరిపోదు. యూసీఈలో ఆటో డీకంప్రెసర్ ఉంది. స్టార్ట్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు కొద్దిగా ఎత్తి పట్టుకుంటుంది. గేజీలో తక్కువ చూపిస్తే "కంప్రెషన్ లేదు" అని ఇంకా కోయించిన మహానుభావులు ఉన్నారు.

ఇప్పుడు దించడం ఎలా. 387 సీసీకి 9:1 కావాలంటే పై ఖాళీ 48.4 ఉండాలి. 46.2 ఉందనుకుంటే ఇంకా 2.2 సీసీ తేవాలి. దానికి మూడు దారులు.

అందరికీ తెలిసింది బ్లాక్ కింద షిమ్ (పలచటి రేకు) వేయడం. 74 బోరులో అర ఎంఎంకి 2.15 సీసీ వస్తుంది, అంటే అర ఎంఎం అల్యూమినియం షిమ్ ఒక్కటి వేస్తే పని అయిపోయినట్టే. చవక, తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు. కానీ మీది పుష్‌రాడ్ ఇంజిన్, అంటే కింద నుంచి పొడవాటి కడ్డీలు తోసి వాల్వుల్ని తెరుస్తాయి. బ్లాక్ అర ఎంఎం లేస్తే పుష్‌రాడ్లు అర ఎంఎం పొట్టివైనట్టు. యూసీఈలో హైడ్రాలిక్ టాపెట్లు (ఆ కడ్డీల కింద ఆయిల్‌తో పనిచేసే ముక్కలు) ఉన్నాయి కాబట్టి అర ఎంఎం అవే సర్దుకుంటాయి. ఒక ఎంఎం దాటితే నాకు ధైర్యం చాలదు, అప్పుడు పుష్‌రాడ్ల పొడవు మార్చాల్సిందే. హెడ్ ఒక ఎంఎం కోసినప్పుడు జరిగేది దీనికి తలకిందులు. పుష్‌రాడ్లు పొడవైపోయి టాపెట్‌ని అడుగంటా నొక్కేస్తాయి. వాల్వు పూర్తిగా కూర్చోదు. కంప్రెషన్ పెంచుదామని కోయించి, ఉన్న కంప్రెషన్ కూడా పోగొట్టుకున్న బండి ఒకటి చూశాను. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ అయితే పుష్‌రాడ్ కింద అడ్జస్టర్ తిప్పుకుంటే సరిపోయేది.

రెండోది, నాకు ఇష్టమైనది, పిస్టన్ తలలో గుంత తీయడం. లేత్ మీద పిస్టన్ పట్టించి మధ్యలో 40 ఎంఎం వెడల్పు, 1.75 ఎంఎం లోతు గుంత తీస్తే సరిగ్గా 2.2 సీసీ. అంచు ఎత్తు మారదు, పుష్‌రాడ్ల గొడవ లేదు. అయితే పిస్టన్ తల ఎంత మందం ఉందో లోపలి నుంచి కొలవకుండా ఈ పని ముట్టుకోకండి. గుంత తీశాక కూడా 6 ఎంఎం మిగలాలన్నది నా నియమం. వాల్వులకి తీసిన జేబుల దగ్గర మందం ఇంకా తక్కువ ఉంటుంది, అక్కడ చూడాలి. గుంత అంచులు గోరుతో రాస్తే తగలనంత నున్నగా ఉండాలి. ఇందులో ఇంకో లాభం ఉంది. 74 పిస్టన్ స్టాక్ కన్నా బరువు ఉంటుంది, 2.2 సీసీ అల్యూమినియం తీసేస్తే 6 గ్రాములు తగ్గుతుంది. బరువు తేడా ఎక్కువైతే బండి వణుకుతుంది. పిస్టన్, పిన్, రింగులు కలిపి పాతవీ కొత్తవీ తూకం వేయించండి. మా దగ్గర పక్కనే బంగారం కొట్టు ఉంది, ఆయన నవ్వుతూనే తూచి పెడతాడు.

మూడోది హెడ్ ఛాంబర్లో గ్రైండర్‌తో గీకడం. చేయి తిరిగినవాళ్లు చేస్తారు. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే సరే, లేకపోతే వద్దు. గీకిన మెటల్ తిరిగి రాదు.

రెండు ప్యాకింగులు ఒకదాని మీద ఒకటి వేసే పద్ధతి గురించి అడగొద్దు. నెల తిరక్కుండానే గ్యాస్ కొడుతుంది.

ప్యాకింగ్ అంటే గుర్తొచ్చింది, ఇది ముఖ్యం. 70 బోరు హెడ్ ప్యాకింగ్ 74 బ్లాక్ మీద వేయకండి. చుట్టూ 2 ఎంఎం లోపలికి పొడుచుకొస్తుంది. ఆ అంచు ఎర్రగా కాలి, ప్లగ్ నిప్పు వేయకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. దీన్ని ప్రీ ఇగ్నిషన్ అంటారు. నాకింగ్ అయితే చప్పుడు చేసి చెబుతుంది, ఇది చాలాసార్లు చెప్పకుండానే పిస్టన్‌కి చిల్లు పెడుతుంది. హెడ్‌లో కూడా 70 ఛాంబర్ చుట్టూ 2 ఎంఎం మెట్టు కొత్తగా మంటలోకి వస్తుంది. దాని పదును అంచుని నీళ్ల కాగితంతో గుండ్రంగా చేయండి. పిస్టన్ అంచుకీ ఆ మెట్టుకీ మధ్య ఎడం ఎంతో సోల్డర్ తీగ పెట్టి, హెడ్ బిగించి, ఒక చుట్టు చేత్తో తిప్పి, నలిగిన తీగని కొలవండి. 1 ఎంఎం దగ్గర ఉంటే సంతోషం. 0.7 కన్నా తక్కువ అయితే వేడికి సాగినప్పుడు పిస్టన్ హెడ్‌ని ముద్దాడుతుంది. అప్పుడు షిమ్ దారే మీకు దారి. అలాగే పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి అంటించి, వాల్వులకి ఎంత ఎడం ఉందో చూడండి. ఇన్‌టేక్‌కి 1.5 ఎంఎం, ఎగ్జాస్ట్‌కి 2 ఎంఎం అయినా ఉండాలి.

పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. దీనితో మామూలు పెట్రోలు ఆక్టేన్ 91 నుంచి 95కి వచ్చిందని ప్రభుత్వం చెబుతోంది. ఆక్టేన్ ఎక్కువైతే నాకింగ్‌కి తట్టుకుంటుంది, అది మనకి మంచిదే. కానీ మీది కార్బొరేటర్. ఇథనాల్‌కి పెట్రోలు కన్నా తక్కువ గాలి చాలు. పాత జెట్టుతోనే (కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) ఈ20 పోస్తే మిశ్రమం పలచబడుతుంది, దగ్గర దగ్గర 7, 8 శాతం. పలచటి మిశ్రమం లోడు మీద వేడిగా మండుతుంది. ఆక్టేన్ ఇచ్చిన లాభాన్ని అది తినేస్తుంది. దానికితోడు మీ ఇంజిన్ పెద్దదైంది. కాబట్టి మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచక తప్పదు. ప్లగ్ రంగు చూసి తేల్చుకోవాలి, ఇటుక రంగు దాటి తెల్లబడితే ఇంకా పెంచాలి. కార్బొరేటర్ రబ్బరు రింగులు, పెట్రోలు పైపు పాతవైతే ఈ దెబ్బలోనే మార్చేయండి.

"టైమింగ్ వెనక్కి జరిపి సర్దుకుందాం" అనే సలహా కూడా వస్తుంది మీకు. పాయింట్లు ఉన్న పాత బుల్లెట్‌లో ప్లేటు తిప్పితే అయిపోయేది. మీ బండిలో ఇగ్నిషన్ డిజిటల్, ప్లేటు తిప్పి సర్దే ఏర్పాటు లేదు. ప్రోగ్రామ్ చేసుకునే సీడీఐలు (ఇగ్నిషన్ బాక్సులు) పెట్టేవాళ్లున్నారు గానీ, కంప్రెషన్ పెంచి, టైమింగ్ తగ్గించి, ఆ వచ్చిన 2 శాతం అక్కడే వదులుకోవడం ఏం తెలివి?

బిగించాక మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, ఆయిల్ మార్చండి. ఆ తర్వాత పరీక్ష. మధ్యాహ్నం ఎండలో, వెనకాల ఒకరిని కూర్చోబెట్టుకుని, ఏదైనా ఎత్తు రోడ్డు మీద నాలుగో గేరులో 40 నుంచి థ్రాటిల్ సగం దాటించండి. చెవి ఇంజిన్ మీదే ఉండాలి, కాబట్టి వాహనాలు లేని రోడ్డు ఎంచుకోండి. గరిటె నిండా ఆవాలు రేకు డబ్బాలో వేసి ఊపినట్టు వినిపిస్తే వెంటనే థ్రాటిల్ తగ్గించి గేరు దించండి. ఇంటికొచ్చి ప్లగ్గు తీసి భూతద్దంతో చూడండి. నల్ల చుక్కలు ఉంటే ముందు జెట్ పెంచి, ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) ప్లగ్ వేసి చూడండి. అయినా పోకపోతే విప్పి ఇంకో రెండు సీసీ ఖాళీ తేవాల్సిందే. ఒక్కసారి టకటకమంటే పిస్టన్ పోదు. దాన్ని వింటూ నెలల తరబడి నడిపితే పోతుంది.

బేరింగుల గురించి కూడా ఒక్క ముక్క. పిస్టన్ వైశాల్యం 12 శాతం పెరిగింది కాబట్టి అదే ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ మీద తోపు 12 శాతం ఎక్కువ. బండికి 2013 నుంచి క్రాంక్ విప్పలేదనుకుంటా. రాడ్‌ని పైకీ కిందికీ ఆడించి చూడండి. ఏమాత్రం ఆట తగిలినా బిగ్ ఎండ్ (రాడ్ కింది చివర బేరింగ్) ముందు, కిట్ తర్వాత.

టూ స్ట్రోకు బండి యమహా ఆర్‌ఎక్స్ 100కి ఆర్‌ఎక్స్ 135 బ్లాక్ వేస్తున్నవాళ్లు ఈ లెక్కనే వాడొచ్చా అని నాకు తరచూ మెసేజీలు వస్తాయి. ఇలాగే వాడకండి. టూ స్ట్రోకులో ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్నాకే బిగింపు మొదలవుతుంది. అందుకే జపాన్ కంపెనీలు అక్కడి నుంచి కొలిచిన రేషియో ఇస్తాయి, అంకె చిన్నగా కనిపిస్తుంది. మొత్తం స్ట్రోకుతో లెక్కేసి "అబ్బో ఇంకా పెంచొచ్చు" అనుకుంటే మోసపోతారు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీసీ పెరిగిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మెలిక పెట్టే అవకాశం ఉంది. రోజూ తిరిగే బండి అన్నారు కాబట్టి చెబుతున్నా. అది ఆలోచించుకుంటే స్టాక్ బోరుకే ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించుకుని ఈ కిట్ తిప్పి పంపేయడం కూడా తప్పేం కాదు. నేనైతే నా రోజువారీ బండికి అదే చేస్తా.

కిట్టే వేస్తాననుకుంటే లేత్ ఆయనకి హెడ్ ఇవ్వకముందు నాలుగు కొలతలు ఇక్కడ పెట్టండి: హెడ్ ఖాళీ ఎన్ని సీసీ, పిస్టన్ 10 ఎంఎం కిందున్నప్పుడు ఎన్ని సీసీ పట్టింది, పైకి వచ్చినప్పుడు బ్లాక్ అంచుకి ఎంత తేడా, పిస్టన్ తల మందం. అవి చూశాక షిమ్ వేయాలో, గుంత తీయాలో చెప్తా.